సంతకం సరే... అమ్మ మాట వింటున్నారా?

మీ అబ్బాయో అమ్మాయో చదివే కాన్వెంటులో ఈ ఏడాది ఫీజు ఎంత పెంచాలి, ఆయాలు ఎంతమంది ఉండాలి, మంచినీళ్ళ ఫిల్టరు ఎప్పుడు మార్చాలి అని మిమ్మల్నెప్పుడైనా అడిగారా? నన్నయితే ఎవరూ అడగలేదు. పేరెంట్స్ మీటింగని పిలుస్తారు. వరసలో నిలబెడతారు. ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి, ‘లెక్కల్లో కాస్త వీకండీ’ అని మనకు తెలిసిన సంగతే మనకు చెప్పి పంపిస్తారు. వేలకు వేలు కడుతున్నాం కదా అని గట్టిగా నాలుగు మాటలు అనబోతే, ‘ఇష్టం లేకపోతే టి.సి. తీసుకోండి’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

అదే సర్కారు బడిలో పిల్లల్ని చదివించే తల్లికి ఆ బడి ఎలా నడుస్తోందో చూసే హక్కు, డబ్బు ఎలా ఖర్చయిందో అడిగే హక్కు చట్టంలోనే రాసిపెట్టి ఉన్నాయి. నాలుగిళ్ళలో అంట్లు తోముకునే అమ్మకైనా సరే, మిర్చి కోల్డ్‌స్టోరేజీలో ముచ్చికలు తీసే అమ్మకైనా సరే. డబ్బు కట్టే మనకు లేని హక్కు వాళ్ళకుంది. విచిత్రమేమిటంటే, ఆ సంగతి మనకెలాగూ తెలియదు, వాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

నాకూ తెలిసేది కాదేమో. కిందటేడు మా వీధి చివర మునిసిపల్ ఎలిమెంటరీ స్కూలు నుంచి వచ్చిన ఒక కాగితాన్ని ‘ఇదేందో చదివి చెప్పమ్మా’ అని మా పక్కింట్లో పనిచేసే ఆమె తెచ్చింది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశానికి రావలసిందిగా సభ్యులకు పంపిన నోటీసు అది. ‘నువ్వు సభ్యురాలివా?’ అంటే, ‘ఏమోనమ్మా, చెయ్యెత్తమన్నారు ఎత్తా. సంతకం పెట్టమన్నారు పెట్టా’ అంది. కథలు రాసేవాళ్ళకి ఉండే పాడు కుతూహలం నాకూ ఉంది కదా. ఆ చట్టం, ఆ నియమాలు సంపాదించి చదివాను. తర్వాత ఆ బడి అరుగు మీద కూర్చుని, కమిటీలో ఉన్న తల్లులతో మాట్లాడటం మొదలుపెట్టాను.

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. 2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య అనేది అందరికీ తెలిసిన భాగం. తెలియని భాగం 21వ సెక్షన్. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బళ్ళు తప్ప మిగతా ప్రతి బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. వెనుకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ళ సంఖ్యను బట్టి చోటివ్వాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి పనితీరును గమనించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి పంపడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడటం ఈ కమిటీ పనులు. ప్రభుత్వ సాయం పొందే ఎయిడెడ్ బళ్ళలో, మైనారిటీ బళ్ళలో మాత్రం 2012 సవరణ తర్వాత కమిటీకి సలహా చెప్పే పని ఒక్కటే మిగిలింది.

మన రాష్ట్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం ఒక్కో తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకోవాలి. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. అంటే అయిదు తరగతుల బడికి పదిహేను మంది, వాళ్ళలో కనీసం పదిమంది అమ్మలు! వాళ్ళలోంచే ఛైర్మన్, వైస్ ఛైర్మన్. హెడ్మాస్టరు కన్వీనరు. వాళ్ళతోబాటు వార్డు మెంబరో కౌన్సిలరో, అంగన్‌వాడీ టీచరు, ఎ.ఎన్.ఎం., మహిళా సమాఖ్య అధ్యక్షురాలు హోదాను బట్టి వస్తారు. ఎన్నిక చేతులెత్తే పద్ధతిలో జరుగుతుంది, అవసరమైతే రహస్య ఓటు. కిందటిసారి ఇలాంటి ఎన్నికలు 2024 ఆగస్టులో జరిగాయి. అసెంబ్లీలో సగం కుర్చీల్లో ఆడవాళ్ళు కూర్చోవడం మన జీవితకాలంలో చూస్తామో లేదో గానీ, బడి కమిటీలో మాత్రం కాగితం మీద అంతకన్నా ఎక్కువే ఉన్నారు.

కాగితం మీద అన్నాను కదా, ఇక అరుగు మీద సంగతి.

నేను మాట్లాడిన తల్లులు అయిదారుగురు. ఇడ్లీ బండి నడిపే ఆమె, కోల్డ్‌స్టోరేజీలో మిర్చి ముచ్చికలు తీసే ఆమె, ఇంట్లో జాకెట్లు కుట్టే ముస్లిం సోదరి, కాలు సరిగా రాని పిల్లవాడి తల్లి, పక్కింట్లో పనిచేసే ఆమె, ఊరవతల తండా నుంచి వచ్చి గుడిసె వేసుకున్న సుగాలి అమ్మాయి. ఆ అమ్మాయికి ఇరవై అయిదేళ్ళు కూడా ఉండవు, ఇద్దరు పిల్లలు.

‘మీటింగులో ఏం జరుగుతుంది?’ అని అడిగాను.

‘ఏం జరుగుద్దండీ. తీర్మానం ముందే రాసి ఉంటది. హెడ్మాస్టరు గారు పుస్తకం ఇటు తిప్పి ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటారు. ఒక ఫొటో తీస్తారు’ అంది ఇడ్లీ బండి ఆమె.

‘అందులో ఏముందో చదివి వినిపించమని అడగలేదా?’

‘పొద్దుగాల పదకొండింటికి పెడతారమ్మా మీటింగు. నేను ఒక పూట పని మానుకుని రావాలి. ఎప్పుడు వదుల్తారా, ఎప్పుడు పోదామా అనుంటది. ఇంక చదివించుకునేది ఎక్కడ?’ అంది మిర్చి పనికెళ్ళే ఆమె.

ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. అమ్మలకు శ్రద్ధ లేదు, పిలిస్తే రారు అని ఉపాధ్యాయులు తరచూ చెప్పే ఫిర్యాదు. పదకొండు గంటలకు మీటింగు పెడితే రోజు కూలికి పోయే తల్లి వస్తుందా? వస్తే ఆ రోజు కూలి పోతుంది. కమిటీ సభ్యత్వానికి జీతం లేదు, భత్యం లేదు. బడి బాగు కోసం ఉద్యోగస్తులెవరూ తమ జీతం వదులుకోరు గానీ, అందరికన్నా తక్కువ సంపాదించే మనిషి మాత్రం వదులుకోవాలని అనుకుంటాం. కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల్లో కమిటీ నెలకొకసారి కలవాలనీ, తీర్మానాలు అందరికీ అందుబాటులో ఉంచాలనీ ఉంది. ఏ గంటకు కలవాలో ఎవరూ రాయలేదు. అది తేల్చుకోవలసింది ఆ ఊరివాళ్ళే.

హెడ్మాస్టర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ళంతా అమ్మల నోరు నొక్కాలని చూసేవాళ్ళేమీ కాదు. రేపు మీటింగు పెట్టి మధ్యాహ్నానికల్లా ఫొటో పంపమని సాయంత్రం ఫోనులో ఆదేశం వస్తుంది. ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకరు సెలవు. భోజనాల హాజరు ఎక్కించాలి, గుడ్ల లెక్క ఎక్కించాలి. అలాంటప్పుడు తీర్మానం ముందే రాసుకోవడం ఆయనకు సుళువు. ఆ సుళువే కొన్నాళ్ళకి అలవాటవుతుంది. ఆ తర్వాత అదే పద్ధతి అయిపోతుంది.

ఇక ఇంట్లోంచి వచ్చే అడ్డం ఇంకొకటి. పంచాయతీల్లో సర్పంచి భర్తల్ని చూస్తూనే ఉన్నాం. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా, ఆవిడ సర్పంచి అయితే ఆయన కుర్చీలో కూర్చునే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. బడి కమిటీ దాకా కూడా ఆ జబ్బు పాకింది. ఛైర్‌పర్సన్ ఆవిడైతే, మాట్లాడేది ‘ఛైర్మన్ గారి భర్త’. ఆవిడ వెనక గోడకి ఆనుకుని నిలబడుతుంది. బడికి డబ్బు వచ్చే కాలంలో ఈ భర్తలకు విద్య మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకురావడం మీరూ గమనించే ఉంటారు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2019 నవంబరులో మన రాష్ట్రంలో ‘నాడు-నేడు’ మొదలైనప్పుడు మరుగుదొడ్లు, మంచినీళ్ళు, మరమ్మతులు, రంగులు వంటి పనులు కాంట్రాక్టర్లకు కాకుండా తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టిన అమ్మలు, టైల్సు పగిలొచ్చాయని లారీ వెనక్కి పంపిన అమ్మలు ఉన్నారు. సంతకం తప్ప ఇంకేం చూడని వాళ్ళూ ఉన్నారు. తర్వాత తల్లుల ఖాతాల్లో పడే డబ్బులోంచే బడి నిర్వహణకు కొంత మినహాయించే పద్ధతి వచ్చింది. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ కింద పిల్లకి 15,000 అని చెప్పి, 2,000 బడుల నిర్వహణకు మినహాయించి 13,000 వేశారు. ఆ రెండు వేలు తల్లిదే కదా! మరి మరుగుదొడ్డి తలుపుకి గడియ లేకపోతే అడగడానికి ఆమెకు మొహమాటమెందుకు?

‘వాళ్ళకేం తెలుసండీ, చదువుకున్నవాళ్ళు కాదు’ అనేవాళ్ళు చాలామంది తగిలారు నాకు. ఆ మాట ఈ రాష్ట్రంలో అనడానికి కొంచెం సిగ్గుపడాలి. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం సాగుతుండగా, రాత్రి బడిలో సారా గురించిన పాఠం చదువుకున్న ఆడవాళ్ళు దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఊరూరా అది పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. ఆ తర్వాత డ్వాక్రా సంఘాలు. ఇవాళ బడి కమిటీలో ఉన్న చాలామంది అమ్మలు సంఘంలో కూడా సభ్యులే. అక్కడ నెలనెలా మీటింగు పెట్టుకుంటారు, తీర్మానాల పుస్తకం రాస్తారు, ఎవరు ఎంత తీసుకున్నారో ఎంత కట్టారో నోటితో లెక్క చెబుతారు. బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడే ఆమె, బడి దగ్గరికి వచ్చేసరికి తలుపు దగ్గర నిలబడుతుంది. తెలివి ఇంటి దగ్గర వదిలేసి వచ్చిందా? కాదు, అక్కడ ఆమెను కూర్చోమన్నారు, ఇక్కడ ఎవరూ అనలేదు.

తెలంగాణలో 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలు వేసినప్పుడు ఈ కిటుకు పట్టుకున్నట్టున్నారు. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలినే కమిటీకి అధ్యక్షురాలిని చేసి, పిల్లల తల్లుల్ని సభ్యులుగా పెట్టి, తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతుల పనులు వాళ్ళకు అప్పగించారు. లెక్కలు చూడటం అలవాటున్న మనిషి కుర్చీలో ఉండటం మంచిదే. కాకపోతే అది తల్లులు ఎన్నుకున్న కుర్చీ కాదు, వేరే హోదా వెంట వచ్చిన కుర్చీ. ఈ పిల్లల తల్లుల్లోంచి, వాళ్ళ చేతులతోనే ఒకరు పైకి రావడం నాకు ఎక్కువ నచ్చుతుంది.

బడిని ఊరి మనుషులు నడపడం అనే ఊహ మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో స్కూల్ బోర్డులంటే ఊరివాళ్ళు ఓట్లేసి ఎన్నుకునే పాలకమండళ్ళు. అక్కడ ఆడవాళ్ళకు దేశమంతటా ఓటు రావడానికి ఎంతో ముందే, 1838లో కెంటకీ రాష్ట్రం బడి ఎన్నికల్లో ఓటు హక్కు ఇచ్చింది. ఎవరికనుకున్నారు? బడి ఈడు పిల్లలున్న వితంతువులకు! ఇంట్లో మగవాడు లేడు కాబట్టి సరే పోనీలే అని కాబోలు. 1861లో కాన్సస్‌లో బడి ఎన్నికల వరకు ఆడవాళ్ళందరికీ ఓటు వచ్చింది. అంటే బడి గుమ్మంలోంచే ఆడవాళ్ళు రాజకీయాల్లోకి నడిచారన్నమాట. ఇవాళ మనవాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లాంటి చోట్ల తెలుగువాళ్ళు కూడా ఈ బోర్డులకు పోటీ చేస్తున్నారు. అక్కడా జీతం లేదు. కానీ అధికారం ఉంది. సూపరింటెండెంటును నియమించేది బోర్డే, బడి పన్ను ఎంతో తేల్చేది బోర్డే. మన కమిటీకి టీచరును నియమించే అధికారం లేదు, బదిలీ చేసే అధికారం లేదు. గమనించడం, ప్రణాళిక రాయడం, లెక్క అడగడం, అంతే. అంత మాత్రం అధికారాన్నయినా వాడుకుంటే ఏమవుతుందో మా వీధి బడిలో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేసి ఉండేది. పాడు చేస్తారని తాళం. తాళంచెవి ఒక సొరుగులో. అడగడానికి మొహమాటపడి నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలు పొద్దున్నుంచీ మంచినీళ్ళే తాగడం మానేశారు. ఇది ఏ రిజిస్టరులోనూ లేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు ‘మరుగుదొడ్డి ఉంది’ అని రాసుకుని వెళ్ళారు. ఇంటికి తెచ్చిన నీళ్ళ సీసా రోజూ నిండుగానే ఉండటం చూసి ఇడ్లీ బండి ఆమె కూతుర్ని నిలదీసింది. అప్పుడు బయటపడింది.

ఆ తర్వాతి మీటింగులో ఆమె సంతకం పెట్టే ముందు, ‘ఇందులో తాళంచెవి సంగతి కూడా రాయండి సార్’ అంది. హెడ్మాస్టరు గారు ఒక క్షణం ఆగారట. ‘ఇది ఎజెండాలో లేదమ్మా’ అన్నారట. ‘మరి రాయండి, ఉంటది’ అందట ఈమె. ఆయన నవ్వి రాశారు. తాళం తీసేశారు. శుభ్రం చేసే ఆయా ఏ వేళకు రావాలో కూడా రాశారు.

ఒకరు మాట్లాడేసరికి మిగతావాళ్ళకూ మాట వచ్చింది. కాలు సరిగా రాని పిల్లవాడి తల్లి, ర్యాంపు కట్టారు బాగానే ఉంది, దాని మీద సైకిళ్ళు, మోటారుసైకిళ్ళు పెడితే నా పిల్లాడు ఎటు ఎక్కాలి అని అడిగింది. ఏళ్ళ తరబడి ఆ ర్యాంపు పక్కనుంచే అందరూ నడిచారు, నేనూ నడిచాను, అది స్టాండులాగే కనిపించింది. సుగాలి అమ్మాయి, పని కోసం మేం వలస పోతే ఆ రెండు నెలలూ పిల్లల పేరు కొట్టేయొద్దు అంది. జాకెట్లు కుట్టే ఆమె ఎప్పుడూ నోరు విప్పని మనిషి. మధ్యాహ్న భోజనంలో పప్పు పలచనయిన రోజు పిల్లలు అన్నం పారేస్తున్నారనీ, రోజుకొక అమ్మ వంతులవారీగా వచ్చి రుచి చూద్దామనీ చెప్పింది. వండేవాళ్ళు మొదట ముఖం మాడ్చుకున్నారట. తర్వాత బిల్లులు రాక అరువు సరుకులతో వండుతున్నామని వాళ్ళ గోడు వాళ్ళు చెప్పుకున్నారు. ఆ బిల్లుల సంగతి కూడా తీర్మానంలోకి ఎక్కింది. ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళకల్లా వండి పెట్టిన ఆ తల్లి పేరు గోడ మీద ఉన్నప్పుడు పప్పు పలచనవుతుంటే బాగుండదు మరి.

అన్ని రకాల తల్లులకూ చోటివ్వాలని చట్టం ఎందుకు పట్టుబట్టిందో ఈ అరుగు మీదే నాకు తెలిసొచ్చింది. కూలికి పోయే తల్లికి గడియారం కనిపిస్తుంది. కుంటి పిల్లవాడి తల్లికి ర్యాంపు కనిపిస్తుంది. వలస పోయే తల్లికి హాజరుపట్టీ కనిపిస్తుంది. పదిహేను మందీ ఒకే వీధి నుంచి, ఒకే కులం నుంచి వస్తే పదిహేనుసార్లు ఒకే సంగతి కనబడుతుంది.

మీటింగు ఇప్పుడు సాయంత్రం అయిదింటికి పెడుతున్నారు. అది హెడ్మాస్టరు గారు ఒప్పుకున్న మొదటి తీర్మానం. ఆయనకు బస్సు ఆలస్యమవుతుంది, అయినా ఒప్పుకున్నారు. కిందటి ఎండాకాలంలో మంచినీళ్ళ మోటారు కాలిపోయినప్పుడు, మునిసిపల్ ఆఫీసుకి ఆయన ఒక్కరే తిరగలేదు, వెంట ఏడుగురు అమ్మలు వెళ్ళారు. అంతకుముందు ఆయన ఉత్తరాలు రాస్తే నెలలు పట్టే పని వారంలో అయింది. కమిటీ తన నెత్తిన భారం కాదని ఆయనకూ అప్పుడు తెలిసినట్టుంది.

అన్నీ ఇలా కుదురుతాయని నేను చెప్పను. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళకు తరలించినప్పుడు, చిన్న పిల్లలు పెద్ద రోడ్డు దాటి ఎలా వెళ్ళాలని చాలా ఊళ్ళలో తల్లులు బడి గేట్ల ముందు కూర్చున్నారు. ఆ నిర్ణయానికి ముందు వాళ్ళనెవరూ కూర్చోబెట్టి అడగలేదు. తర్వాత 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ మధ్య మూడేళ్ళు పిల్లలకు తిరిగి రావు. తాళంచెవి దాకా వినే ప్రభుత్వం, బడి ఉండాలా వద్దా అనే దగ్గర వినకపోతే ఈ కమిటీలు ఎందుకన్న ప్రశ్న అలాగే నిలబడి ఉంది.

ఇంకో చిక్కు. కమిటీ కాలం రెండేళ్ళు. ఈలోపే పిల్లవాడు బడి వదిలితే తల్లి సభ్యత్వమూ పోతుంది. ఒక అమ్మకు లెక్కలు అడగడం వంటబట్టేసరికి ఆవిడ పిల్ల అయిదు పాసవుతుంది. మళ్ళీ కొత్తవాళ్ళు, మళ్ళీ తలుపు దగ్గర నిలబడటం. అందుకే దిగిపోయే సభ్యురాలు, కొత్తగా వచ్చినామెను వెంటబెట్టుకుని రెండు మీటింగులైనా కూర్చోవాలని మా వీధి అమ్మలు వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. ఏ నియమంలోనూ లేదది.

ఇడ్లీ బండి ఆమె కూతురు ఆరో తరగతికి హైస్కూలుకి వెళుతోంది. ‘అక్కడ కూడా కమిటీ ఉంటదా అమ్మా?’ అని మొన్న బండి దగ్గర నిలబడితే అడిగింది. ఉంటుంది, ఆరో తరగతికీ ముగ్గురు, అందులో ఇద్దరు ఆడవాళ్ళే అన్నాను. ‘అయితే అక్కడ మీటింగు ఎన్నింటికో కనుక్కోవాల’ అంటూ ఇడ్లీలు పొట్లం కట్టింది.